మా గాలి మీ లెక్కలో ఉందా? కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి, సభ్య కార్యదర్శి గారికి, మండలి సభ్యులందరికీ,



మీ ప్రధాన కార్యాలయం ఉన్న విజయవాడలోనే నేనూ ఉంటున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈమధ్య ఒక సమావేశంలో మా విద్యార్థినులు ఇద్దరు ఒక కంప్యూటర్ మోడల్ చూపించారు. కరెంటును మోసే పాలిమర్లతో చేసిన గ్యాస్ సెన్సారు ఎలా స్పందిస్తుందో లెక్కగట్టే మోడల్ అది. ఏడాది పాటు పడిన కష్టం. అంతా విన్నాక ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచి, "బాగుందమ్మా, జర్నల్‌కి పంపుకోండి. ఫ్యాక్టరీకి కావలసింది మాత్రం ఈ లెక్కలు కాదు, డబ్బా. బజార్లో దొరుకుతుంది. కొని గోడకు బిగిస్తే అయిపోయింది" అన్నారు. హాల్లో చాలామంది తలలూపారు. పిల్లలు లాప్‌టాప్ మూసి వచ్చి కూర్చున్నారు.

ఆ పెద్దమనిషి మీ మండలి మనిషి కాదు. అయినా ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. ఆ మాటను చెల్లనిచ్చేదీ, తప్పని తేల్చగలిగేదీ మీరే కాబట్టి. కర్మాగారం నడవడానికి సమ్మతి ఇచ్చేది మీరు. దాన్లోంచి గాలిలోకి ఏం వస్తోందో అడిగే అధికారం చట్టం ఇచ్చింది మీకు. గోడ మీద డబ్బా ఉందా అని అడిగి ఊరుకుంటారా? ఆ డబ్బా మా గాలిలో పనిచేస్తుందా అని కూడా అడుగుతారా? రెండో ప్రశ్న అడగాలంటే ఆ పెద్దమనిషి పక్కన పెట్టమన్న లెక్కలే కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మా నాన్న డెల్టాలోని ఒక చిన్న ఊళ్లో ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్‌గా పనిచేశారు. కైకలూరు, ముదినేపల్లి, కలిదిండి చెరువుల చేపలు ఐసు కప్పుకుని లారీల్లో కలకత్తా దాకా, అస్సాం దాకా పోతాయని అందరికీ తెలుసు. ఆ ఐసు దిమ్మ వెనక అమోనియా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. లీకు అనుమానం వస్తే నాన్న గంధకం వత్తి వెలిగించి పైపుల అతుకుల దగ్గర, వాల్వుల దగ్గర, కంప్రెసర్ గ్లాండు దగ్గర మెల్లగా తిప్పేవారు. అమోనియా కారుతున్న చోట తెల్లటి పొగ లేచేది. ఆ రోజు ఇంటికి వచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. "వాసన వస్తే తెలిసిపోదా నాన్నా?" అని చిన్నప్పుడు అడిగాను. "ముక్కు కాసేపటికి అలవాటు పడిపోద్దమ్మా. వాసన తగ్గిందంటే లీకు తగ్గినట్టు కాదు" అన్నారు. తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతి ఇంత సూటిగా రాసినవాళ్లు నాకు కనిపించలేదు.

కిందటి వానాకాలం విద్యార్థులను వెంటబెట్టుకుని డెల్టాలోనే వేరే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. ఎక్కడిదో చెప్పను. అక్కడివాళ్లు మమ్మల్ని నమ్మి లోపలికి రానిచ్చారు. కంప్రెసర్ గదిలో గోడ మీద డిటెక్టర్ ఉంది. వెలగడం లేదు. వైరు పీకి ఉంది. అడిగితే ఆపరేటర్ కుర్రాడు దాచుకోకుండా చెప్పాడు. "వానలు పడ్డాయంటే ఒకటే మోత మేడం. లీకు లేకపోయినా మోగుద్ది. రాత్రంతా అదే గోల. ఎన్నిసార్లని లేచి చూస్తాం? పీకేశాం." అది ఏ రకం సెన్సారో, ఎంత వేడిలో, ఎంత తేమలో పరీక్షించారో చెప్పే కాగితం ముక్క అక్కడ లేదు. తనిఖీకి వచ్చినవారికి మాత్రం గోడ మీద డబ్బా కనబడుతుంది.

'నాన్నా పులి' కథ మనకు తెలిసిందే. ఇక్కడ అబద్ధమాడింది పిల్లవాడు కాదు, పరికరం. వంద రాత్రులు ఉత్తినే నిద్ర చెడగొట్టిన మోతను నూట ఒకటో రాత్రి నమ్మలేదని ఆ కుర్రాణ్ణి తప్పుపడదామా? వైరు పీకినందుకు యజమానికి నోటీసు ఇచ్చి చేతులు దులుపుకుందామా? లేక ఆ పరికరాన్ని మా వానాకాలానికి పరీక్షించకుండా అమ్మినవాళ్లనూ, పరీక్షించమని చెప్పని వ్యవస్థనూ అడుగుదామా?

పరికరం ఎందుకు అబద్ధమాడుతుందో, మా విద్యార్థినులు మోడల్ చేసిన పాలిమర్ సెన్సారునే తీసుకుని చెబుతాను. మోడలింగ్ పని మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ప్లాస్టిక్ కరెంటును పోనివ్వదని బళ్లో చదువుకున్నాం. 1977లో షిరకావా, మెక్‌డైర్మిడ్, హీగర్ కలిసి పాలీఎసిటిలీన్ పొరకు అయోడిన్ ఆవిరి పట్టించి, అది కరెంటును మోసే శక్తి లక్షల రెట్లు పెరుగుతుందని చూపించారు. 2000లో వారికి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ కుటుంబంలోదే పాలీఅనిలిన్. దానికి ఆమ్లం కలిపితే గొలుసు మీద ప్రోటాన్లు చేరి ఆకుపచ్చగా మారి కరెంటును పోనిస్తుంది. అమోనియా అణువు వచ్చి ఆ ప్రోటాన్‌ను లాక్కుందనుకోండి, కరెంటును మోసే ఆవేశాలు తగ్గిపోతాయి, పొర నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొలిస్తే గాలిలో అమోనియా ఎంతుందో తెలుస్తుంది. గాలి శుభ్రపడ్డాక పొర మెల్లగా మామూలవుతుంది. టిన్ ఆక్సైడ్ లాంటి లోహపు ఆక్సైడ్ సెన్సార్లు రెండు మూడు వందల డిగ్రీలకు వేడెక్కితే గాని సరిగా పనిచేయవు. పాలిమర్ పొర గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. హీటరు అక్కరలేదు, కరెంటు ఖర్చు స్వల్పం. పెడనలో బట్ట మీద అద్దకం వేసినట్టు పల్చగా అచ్చువేయొచ్చు. పెద్ద కంపెనీల ఖరీదైన పరికరాలు కొనలేని ఐసు ఫ్యాక్టరీకి, కోల్డ్ స్టోరేజీకి ఎప్పటికైనా అందుబాటులోకి రాగలది ఇలాంటిదే. అందుకే మా పిల్లలు దాన్ని పట్టుకున్నారు.

అయితే ఆ పొర అమోనియా కోసం మాత్రమే కాచుకుని కూర్చోదు. నీటి ఆవిరినీ పీల్చుకుంటుంది. తేమ కొంత చేరితే ప్రోటాన్ల రాకపోకలు సులువై నిరోధం తగ్గుతుంది. అంటే అమోనియా పెంచిన దాన్ని నీరు తగ్గించి, లీకును కప్పిపెట్టవచ్చు. తేమ మరీ ఎక్కువైతే పొర ఉబ్బి నిరోధం పెరగవచ్చు. అంటే లీకు లేకుండానే మోగవచ్చు. ఒకే జబ్బు, రెండు లక్షణాలు. ఒకటి మౌనం, ఒకటి అబద్ధపు కేక. వేడి పెరిగితే అణువులు పొరను అంటిపెట్టుకోవడం తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ పొరలోని ఆమ్లం కొంత ఎగిరిపోయి పాత రీడింగుకు, కొత్త రీడింగుకు పొంతన పోతుంది. చేపల చెరువుల అడుగు బురదలోంచి, మురుగు కాలువల్లోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు ఉండనే ఉంది. వీటన్నిటినీ విడివిడిగా, కలిపి, వేలసార్లు మార్చి మార్చి ఫ్యాక్టరీలో ప్రయోగం చేయగలమా? అమోనియా వదిలి మనుషుల మీద పరీక్ష పెట్టగలమా? చేయలేం కాబట్టే కంప్యూటర్‌లో చేస్తాం.

ఆ మోడల్ ఒక్కటి కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు మీద అమోనియా అణువు ఒకటి, పాలీఅనిలిన్ గొలుసులోని నాలుగైదు వలయాలు. 1998లో వాల్టర్ కోన్‌కు నోబెల్ తెచ్చిన డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతితో ఆ రెండూ ఎంత బలంగా పట్టుకుంటాయో లెక్కిస్తారు. రెండో మెట్టు మీద పొరంతా ఉంటుంది. గ్యాసు ఎంత వేగంగా లోపలికి ఇంకుతుందో చూస్తారు. పొర మందం రెండింతలైతే ఇంకే సమయం నాలుగింతలవుతుంది. ఇది కాగితం మీద చిన్న సంగతిలా కనబడుతుంది. 20 సెకన్లలో మోగవలసిన గంట 80 సెకన్లకు మోగితే కంప్రెసర్ గదిలో ఉన్న మనిషికి అది చిన్న సంగతా? ఆఖరి మెట్టు మీద గది, కిటికీ, గాలివాటు, వీధి. అమోనియా గాలికన్నా తేలిక కాబట్టి డిటెక్టర్ పైకప్పు దగ్గర పెట్టమంటారు. కానీ ద్రవ అమోనియా చిమ్మినప్పుడు అది మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. చుట్టూ ఉన్న తేమను పట్టుకుని చల్లటి మంచులా నేల మీద పాకుతూ పోగలదు. పైనున్న డిటెక్టర్ మౌనంగా ఉండగానే కింద మనిషి కూలిపోవచ్చు. ఎక్కడ బిగించాలో చెప్పేది బజారు డబ్బా మీది చీటీ కాదు, ఆ గది మోడల్.

మా పని మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. దాన్ని దాచి మిమ్మల్ని మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. ఇలాంటి లెక్కలు చాలావరకు శూన్యంలో, సున్నా కెల్విన్ దగ్గర చేస్తారు. అంటే మైనస్ 273 డిగ్రీలు. గాలి లేదు, తేమ లేదు, ఉప్పు లేదు. అక్కడ అమోనియా ఎంత చక్కగా అంటుకుంటుందో రంగు రంగుల బొమ్మ వేస్తాం. గుడివాడలో ఆగస్టు రాత్రి తేమ 80 శాతం దాటి ఉంటుంది. విజయవాడలో మే మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఐసు ఫ్యాక్టరీలో బ్రైన్ ట్యాంకు ఉప్పునీరు, ఎప్పుడూ తడిసి ఉండే నేల. ఆ శూన్యానికీ ఈ గాలికీ మధ్య వంతెన కట్టకుండా బొమ్మ దగ్గర ఆగిపోయిన పరిశోధన అసంపూర్ణం. తోటి అధ్యాపకులకు ఈ మాట ఎదురుగానే చెబుతున్నాను, మీ ముందూ చెబుతున్నాను. కానీ వంతెన కట్టాలంటే అవతలి ఒడ్డున కాలు మోపడానికి నేల కావాలి. ఆ నేల అంటే కొలతలు. నిజమైన ఫ్యాక్టరీ గదిలో, నిజమైన వానాకాలంలో, డిటెక్టర్ ఏ గంటకు ఏం చెప్పిందో, అది నిజమో అబద్ధమో తెలిపే రికార్డు. అది మాలాంటి వాళ్లం గేటు దగ్గర నిలబడి అడిగితే ఇచ్చేది కాదు. మీరడిగితే ఇస్తారు.

కొలతకూ మోడల్‌కూ ఉన్న సంబంధం బెజవాడ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పులిచింతల నుంచి ఎంత వదిలారు, ఎన్ని గంటలకు ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది అన్నది ఏటా వానాకాలంలో ఇంటింటా మాట్లాడుకునే లెక్క. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ అంకెలు విని లంక గ్రామాల వాళ్లు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కుతారు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కూడా ఆ అంకె గంట గంటకూ అందరికీ తెలిసింది. ఎందుకు నమ్ముతారు? గేజీ ఉంది కాబట్టి. చదివేవాడున్నాడు కాబట్టి. చదివింది పైకి చెబుతున్నారు కాబట్టి. లెక్క తప్పితే మరుసటి గంట గేజీ దిద్దుతుంది కాబట్టి. అదే వానల్లో బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ముందుగా ఎవరు ఏ అంకె చెప్పారు? కొలత జనానికి చేరిన చోట ఏమవుతుందో, చేరని చోట ఏమవుతుందో ఒకే వారంలో, ఒకే ఊళ్లో చూశాం. నదికి ఇచ్చిన గౌరవం గాలికి ఇవ్వమని అడగడం అత్యాశా?

ఇంకో పోలిక కూడా మన దగ్గరిదే. రొయ్యల చెరువు రైతును అడగండి. నీళ్లలో అమోనియా ఎంతుందో కిట్టులో రంగు చూసి చెబుతాడు. పీహెచ్ పెరిగినా, మధ్యాహ్నం నీళ్లు వేడెక్కినా అందులో విషపు భాగం పెరుగుతుందని తెలుసు. తెలుసు కాబట్టి ఏరేటర్లు వేస్తాడు, మేత ఆపుతాడు. ఆ రొయ్యకు ఐసు అందించే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయే అమోనియా అంకె ఎవరికి తెలుసు? కర్మాగారాల చట్టంలోని రెండో షెడ్యూలు ఎనిమిది గంటల పనికి పది లక్షల భాగాల్లో 25 భాగాలు, పావుగంటకు 35 భాగాలు మించకూడదంది. 300 భాగాలంటే ప్రాణానికో ఆరోగ్యానికో వెంటనే ప్రమాదమని లెక్కపెట్టుకునే గీత. పనిచేసే డిటెక్టర్ లేని గదిలో ఆ 25కూ 300కూ మధ్య తేడా చెప్పేది ఎవరు? అలవాటు పడిపోయిన ముక్కా? రొయ్యకు లెక్క ఉన్న డెల్టాలో మనిషికి లెక్క లేకుండా పోవడాన్ని నేను ఒప్పుకోలేను. మీరు ఒప్పుకుంటున్నారా?

ఇక మీ బాధ్యత సంగతి. 1981 నాటి వాయు చట్టం 17వ సెక్షన్ గాలి కాలుష్యం గురించిన సమాచారాన్ని సేకరించడమే కాదు, అందరికీ తెలియజేయడం కూడా రాష్ట్ర మండలి విధి అంది. ప్రమాదవశాత్తు పరిమితికి మించి ఏదైనా వెలువడినా, వెలువడే సూచన కనిపించినా మీకు తెలియజేయాలని 23వ సెక్షన్ అంది. అంటే లీకుల కబుర్లు చేరవలసిన చోటు మీ కార్యాలయమే. అవి చేరుతున్నాయా? చేరితే ఏ ఊళ్లో, ఏ గంటకు, ఏ వాతావరణంలో, ఏ డిటెక్టర్ మోగింది, ఏది మోగలేదు అన్న పట్టిక ఎక్కడుంది? ఆ పట్టికను చదువుకునే వీలు జనానికి ఉందా, మాలాంటి వారికి ఉందా? ఉంటే చూపించండి, ఈ ఉత్తరంలో నేనడిగిన దానిలో సగం వెనక్కి తీసుకుంటాను.

పెద్ద ప్రమాదాలు మనకు చెప్పిన పాఠం కూడా ఇదే కదా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. కర్మాగారం ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలుపెట్టి వేడెక్కింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు అడుగు భాగానికే పరిమితమని, పైపొరల్లో ఏం జరుగుతోందో తెలియలేదని, సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. గమనించండి, కొలిచే పరికరం లేక కాదు. ఉండవలసిన చోట లేక. అదే ఏడాది జూన్‌లో నంద్యాలలో ఒక కర్మాగారంలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు. 2022 జూన్ 3న అచ్యుతాపురంలో దుస్తుల కర్మాగారంలో పనిచేసే ఆడపిల్లలు వాంతులతో పడిపోతే మొదట అమోనియా అనుకున్నారు, తర్వాత పురుగుమందు అన్నారు. రెండు నెలలు తిరగకుండా ఆగస్టు 2న అక్కడే మళ్లీ వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ గదిలో ఆ గంటకు గాలిలో ఏముందో చెప్పే రీడింగు ఒక్కటి మొదటిసారే చేతిలో ఉంటే రెండోసారి జరిగేదా?

పెద్ద కర్మాగారాలకు ఏర్పాట్లున్నాయని మీరు అనవచ్చు. నిజమే. పొగగొట్టాలకు ఆన్‌లైన్ పరికరాలు పెట్టమని 2014లో కేంద్ర మండలి 17 రకాల పరిశ్రమలను ఆదేశించింది. ప్రమాదకర రసాయనాల నియమాలు 1989 నుంచి ఉన్నాయి. కానీ అమోనియా విషయంలో ఆ నియమాల అసలు బిగువు పదుల టన్నుల నిల్వలు దాటిన చోటే మొదలవుతుంది. ఐసు ఫ్యాక్టరీలో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉండే అమోనియా ఆ గీత కిందనే ఉండిపోవచ్చు. ఆ గీత కింద ఉన్న వాటి ప్రహరీ గోడకు ఆనుకునే ఇళ్లున్నాయి. బడి ఉంది. బస్సు కోసం నిలబడే చెట్టు ఉంది. 1987లో, భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, కర్మాగారాల చట్టంలో చేర్చిన 41-బి సెక్షన్ ప్రమాదకర ప్రక్రియల గురించి కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలంది. అది కర్మాగారాల శాఖ చూసే సంగతని తెలుసు. గాలి మాత్రం శాఖల హద్దులు చూసుకుని వీచదు.

నేనడిగేది కోట్ల రూపాయల పథకం కాదు. అమోనియా వాడే ప్రతి చిన్న ఫ్యాక్టరీకీ సమ్మతి పత్రం తిరగరాసేటప్పుడు ఒక షరతు చేర్చండి. బిగించిన డిటెక్టర్‌ను 25 డిగ్రీల చల్లటి గదిలో కాదు, 45 డిగ్రీల వేడిలో, 90 శాతం తేమలో పరీక్షించిన కాగితం గోడ మీద తెలుగులో అంటించి ఉండాలని. ఆ పరీక్ష చేసే పెట్టె ఒకటి మన ప్రాంతంలో ఏర్పాటు చేయించండి. గన్నవరం దగ్గర సూరంపల్లిలో ప్లాస్టిక్స్ సంస్థ సిపెట్ ఉంది. తాడేపల్లిగూడెంలో ఎన్.ఐ.టి. ఉంది. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం, గుంటూరు దారిలో నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్నాయి. పాలిమర్ తెలిసినవాళ్లూ, లెక్క తెలిసినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. వాళ్లకు లేనిది కంప్రెసర్ గది తలుపు తాళంచెవి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. డిటెక్టర్ ఉత్తినే మోగిందని, విసుగొచ్చి వైరు పీకామని చెప్పిన యజమాని మీద, ఆపరేటర్ మీద చర్య ఉండదని ఒక ఏడాది పాటు ప్రకటించండి. అప్పుడు గాని నిజం బయటికి రాదు. ఆ అబద్ధపు మోతలే మాకు అన్నిటికన్నా విలువైన సమాచారం. ఏ తేమ దగ్గర, ఏ వేడి దగ్గర, ఎన్ని నెలల వాడకం తర్వాత పరికరం దారి తప్పుతోందో వాటిలోనే ఉంది. పొర మందం ఎంతుండాలి, ఏ ఆమ్లం కలిపితే ఎగిరిపోకుండా ఉంటుంది, తేమను విడిగా కొలిచి రీడింగులోంచి ఎలా తీసివేయాలి అన్నవి మోడల్ చెప్పగలదు. కానీ ఈ ఊరి గాలి ముందు అది తెలుసుకోవాలి. వేరే దేశపు చల్లటి ప్రయోగశాలలో కొలిచిన అంకెలు మాకు దారి చూపుతాయి. మా వానాకాలానికి హామీ ఇవ్వలేవు.

నాన్నకు ఇప్పుడు దగ్గు ఎక్కువ. అది అమోనియా వల్లేనని నేను రుజువు చేయలేను. చేయలేకపోవడమే నా బాధ. ఆయన ఇన్నేళ్లు పీల్చిన గాలిలో ఏ రోజుకు ఎంతుందో ఎక్కడా రాసి లేదు. ఆ అంకె ఇక ఎన్నటికీ తెలియదు. ఆ కంప్రెసర్ గదిలో ఈ రాత్రి డ్యూటీకి ఎక్కే కుర్రాడి అంకె అయినా రాసి ఉంచాలా వద్దా?

ఐసు ఫ్యాక్టరీల, కోల్డ్ స్టోరేజీల డిటెక్టర్ రీడింగులు, మోగిన వేళలు, ఆ వేళ వేడి, తేమ, యజమానుల పేర్లు తీసేసి మాకు ఇప్పించమని కోరుతూ దరఖాస్తు రాశాను. ఈ లేఖ ప్రతి జతచేసి మీ కార్యాలయంలో ఇస్తున్నాను. అడిగింది ఒక్క వానాకాలపు రీడింగులు.

ఇట్లు,
డెల్టాలో పుట్టిన ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
విజయవాడ